సగం తుడిచిన గోడ

కంటి కట్టు విప్పిన మర్నాడు అత్తగారు మొదట చూసింది కొడుకునీ కాదు, కోడలినీ కాదు. వంటింటి గోడ మీది మసిని.

"ఏమిటే ఇది?" అంది గుమ్మంలో నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "ఇల్లా, ఇటుకబట్టీనా? ఇన్నాళ్ళూ ఈ కొంపలోనేనా నేను ముద్ద మింగుతున్నది?"

కోడలు పాలు కాస్తోంది. పాలు పొంగే ఘడియలో గోడలకేసి చూడడం కుదరదు. "రోడ్డు పక్క ఇల్లు అత్తయ్యా. కిటికీ తీస్తే చాలు, బస్సుల పొగంతా మన గోడకే" అంది.

"వస్తే తుడవకూడదనా? నాకు కళ్ళు కనపడకపోయేసరికి ఈ ఇంటికి అడిగే దిక్కు లేదనుకున్నారు. ఒక కంటికే ఇంత కనపడుతోంది, రెండోది కూడా అయ్యాక ఇంకా ఏమేం చూస్తానో!"

లోపల అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న భర్త నవ్వాడు. ఆ నవ్వు వెనక రాబోయే మాటేమిటో ఆమెకు తెలుసు. వచ్చింది. "బాగా అడిగావమ్మా. లోకంలో దుమ్మంతా లెక్కపెట్టే మనిషికి వంటింటి దుమ్ము ఎక్కడ ఆనుతుంది?"

ఆ మాటకి వయసు మీద పడింది గానీ పళ్ళు ఊడలేదు. పెళ్ళైన కొత్తలో అన్నాడు, చుట్టాల ముందు అన్నాడు, ఆమెకు పదోన్నతి వచ్చిన రోజున కూడా అన్నాడు. మొదట్లో ఆమె కూడా నవ్వేది. తరవాత నవ్వినట్టు మొహం పెట్టేది. ఇప్పుడు మొహం కూడా పెట్టడం లేదు, ఓపిక లేక.

పాలు దించి, ముక్కాలిపీట గోడ దగ్గరికి లాక్కుని, సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి ఎక్కింది. ఒక్కసారి రాస్తే పోయే మసి కాదది. నూనె జిడ్డుతో కలిసి గోడకి రెండో చర్మంలా పట్టేసింది. గట్టిగా రుద్దితే కింద గోడ అసలు రంగు బయటపడింది. లేత పసుపు. ఈ గోడ పసుపు రంగన్న సంగతి ఆమే మర్చిపోయింది. రుద్దుతూ రుద్దుతూ భుజం లాగేస్తుంటే, ఈ మసిలో గోడకి అంటింది ఎంత, పైకి పోయింది ఎంత అని ఆలోచనలో పడింది. ఆమె ఉద్యోగం అదే మరి. బస్సు గొట్టాల్లోంచి, బట్టీల్లోంచి, పొయ్యిల్లోంచి, తగలబెట్టిన పొలాల్లోంచి లేచే పొగలో కంటికి ఆనని నలుసులు కోటానుకోట్లు. చదువుకున్నవాళ్ళు వాటిని ఏరోసోల్స్ అంటారు. అవి పైకిపోయి మబ్బుల్లో దూరి అక్కడ చేసే పని ఏమిటో లెక్కగట్టడం ఆమె వంతు. అందుకే ఆఫీసులో ఆమె పేరు ఎవరూ వాడరు. పెద్దాయన దగ్గర్నుంచి కాపలాదారు దాకా అందరికీ ఆమె 'దుమ్ము మేడమ్'.

మబ్బులో ప్రతి చుక్కకీ నడుమ ఒక నలుసు ఉంటుంది. నలుసు లేనిదే చుక్క పుట్టదు. గాలి తేటగా ఉంటే నలుసులు తక్కువ, చుక్కలు పెద్దవి, అవి బరువెక్కి వానై రాలతాయి. గాలి నిండా పొగ ఉంటే నలుసులు ఎక్కువ, నీళ్ళు మాత్రం ఉన్నవే. ఒకసారి అత్తగారు "మబ్బుల్లో నీకేం పనే?" అని అడిగితే ఇలా చెప్పింది. "ఒక గిన్నెడు పాలు నలుగురికి పోస్తే నాలుగు గ్లాసులు నిండుతాయి. నలభైమందికి పోస్తే ఎవరి గ్లాసు అడుగూ తడవదు. పొగపట్టిన మబ్బూ అంతే అత్తయ్యా. చుక్కలు మరీ చిన్నవైపోయి కురవలేవు. కానీ మబ్బు మాత్రం తెల్లగా మెరిసిపోతుంది. ఎండని వెనక్కి కొడుతుంది. భూమికి గొడుగు పట్టినట్టు." అత్తగారు అంతా విని, "అంతమందికి పోశాక నీ గ్లాసులో ఏం మిగులుతుంది?" అంది. మబ్బుల గురించి అడిగిందో ఇంటి గురించి అడిగిందో అప్పుడు కోడలు తేల్చుకోలేకపోయింది.

గోడ సగానికి వచ్చేసరికి బస్సు వేళైంది. పీట దిగి చేతులు కడుక్కుంది. గోళ్ళలో మసి మిగిలిపోయింది.

"మిగతాది?" అంది అత్తగారు.

"సాయంత్రం."

"సాయంత్రం అన్నవాళ్ళని చాలామందిని చూశాను" అని గొణుక్కుంటూ ఆవిడ పేపరు అందుకుంది.

ఆఫీసంటే పెద్ద హాలు, చుట్టూ గాజుగదులు, నడుమ ఎప్పుడూ హోరుమనే యంత్రాలు. ఆ యంత్రాల కడుపులో ఒక ఉత్తుత్తి భూగోళం తిరుగుతూ ఉంటుంది. మోడల్ అంటారు దాన్ని. భూమిని గళ్ళుగళ్ళుగా కోసి, ప్రతి గడిలోనూ ఎండ ఎంత, గాలి ఎంత, తడి ఎంత అని లెక్కలు కట్టించి, ముందు ముందు ఎంత వేడెక్కుతుందో చెప్పిస్తారు. ముందు సంగతి చెప్పేదాన్ని నమ్మాలంటే, వెనకటి సంగతి సరిగ్గా చెప్పాలి గదా! అందుకని గడిచిన నూరేళ్ళనీ మళ్ళీ నడిపించి చూస్తారు. కొలిచి పెట్టుకున్న వేడితో మోడల్ చెప్పిన వేడి కలిసిందా, పాసైనట్టు. లేదా, ఎక్కడో తప్పున్నట్టు.

ఈసారి కలవలేదు. మోడల్‌లో నూరేళ్ళూ నిజంకంటే చల్లగా గడిచాయి.

పెద్దాయన తన గదిలోకి పిలిచాడు. తెల్లజుట్టు, మెత్తటి గొంతు. ఎవరినీ కసరడు. ఆడవాళ్ళందర్నీ 'అమ్మా' అంటాడు. అమ్మా అన్నాక ఇక ఏ పనైనా చెప్పొచ్చని ఆయన ధీమా. పక్కన సముద్రం లెక్కలు చూసే కుర్రాయన కూర్చున్నాడు. అతన్ని అందరూ 'సముద్రం' అనే పిలుస్తారు.

"చూశావుగా అమ్మా. కాస్త చల్లబడింది. మరేం లేదు, నీ మర కొంచెం తిప్పాలి."

'దుమ్ము మేడమ్ మర' అన్నది ఆఫీసులో పాత హాస్యం. మోడల్ ఎక్కడ వంకరపోయినా దాన్ని తిన్నగా చెయ్యడానికి తిప్పే మర అది. పొగపట్టిన మబ్బులు ఎంత ఎండని వెనక్కి కొడతాయో చెప్పే అంకె. లోకంలో ఎవరికీ ఆ అంకె కచ్చితంగా తెలియదు. ఇంత నుంచి ఇంత దాకా ఉండొచ్చు అని చాలా వెడల్పైన గీత గీసి వదిలేశారు. ఆ గీత మీద ఎక్కడ పెట్టినా తప్పని ఎవరూ అనలేరు. కాబట్టి నేల లెక్కలో తేడా వస్తే ఆమె అంకె పెంచమన్నారు, మంచు లెక్కలో తేడా వస్తే తగ్గించమన్నారు. అడిగినప్పుడల్లా ఆమె తిప్పింది. తిప్పి ఇంటికెళ్ళి వంట చేసింది. ఇంట్లోనూ అదే తంతు. మరిదికి ఊరు మారితే ఆమె గది ఇవ్వాలి, ఆడపడుచు పిల్లలకి పరీక్షలైతే ఆమె సెలవు పెట్టాలి, భర్తకి పని ఎక్కువైతే ఆమె పని తగ్గాలి. ఎవరి లెక్క తప్పినా ఆమె దగ్గరికొచ్చి సరిపోయేది. నలుగురూ కూర్చున్నప్పుడు మాత్రం "ఇంట్లో పెద్ద పనేముంటుందండీ, అన్నీ యంత్రాలేగా" అనేవాడు భర్త. ఆమె చేసే చలవ ఎంతో ఎవరూ కొలవలేదు గనక, ఎంత తక్కువ చెప్పినా చెల్లిపోయింది.

కానీ ఈసారి ఆమె దగ్గర కొలత ఉంది.

పొగ మబ్బుల్లోకి విమానం పంపి, చుక్కల్ని అక్కడికక్కడే కొలవాలని నాలుగు ఆఫీసుల చుట్టూ తిరిగి ఒప్పించింది ఆమే. తీరా విమానం లేచే వేళకి భర్త "ఈ వయసులో మబ్బుల్లో షికార్లేమిటి? అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు. వెళ్ళింది కింది ఉద్యోగులు. ఆమె కూరగాయలు తరుగుతూ, భుజానికీ చెవికీ నడుమ ఫోను ఇరికించుకుని, ఇంకాస్త కిందికి దిగండి, ఇప్పుడు పొగలోంచి పొండి, అని దారి చెప్పింది. ఆ కొలతల్ని శుభ్రం చేసి, పోల్చి, తప్పులు ఏరి లెక్క తేల్చేసరికి ఏడాది పట్టింది. వెడల్పు గీత చిక్కిపోయి సన్నని గీతైంది. మర తిరగడానికి ఇక చోటు లేదు.

"సార్, విమానం కొలతలు వచ్చాక ఆ అంకె అక్కడే ఉండాలి. గొడుగు మనం అనుకున్నదానికంటే పెద్దది. తప్పు వేరేచోట ఉంది. మోడల్‌లో సముద్రం వేడిని మింగాల్సినదానికంటే ఎక్కువ మింగుతోందని నా అనుమానం" అంది.

సముద్రం తన చెప్పులకేసి చూసుకున్నాడు. అతనికీ ఆ అనుమానం ఉన్నట్టు ఆ చూపే చెప్పింది.

"ఉండొచ్చమ్మా, ఉండొచ్చు" అన్నాడు పెద్దాయన. "సముద్రం లెక్క విప్పామా, మళ్ళీ బిగించడానికి నెలలు పడుతుంది. రేపు పదిమంది పెద్దవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి కొలిచిన వేడి గీతా, మోడల్ గీతా రెండూ కలిసి కనపడాలి. నీ అంకె కాస్త తగ్గిస్తే అన్నీ కుదురుతాయి."

"ఇప్పటికి కుదురుతాయి సార్. రేపు బట్టీలు మూసేసి, బస్సులు బాగుచేసి గాలి తేటపడ్డాక? గొడుగు చిన్నదని మనం చెబితే, అది తీసేసినప్పుడు పెద్ద వేడేం రాదని నమ్ముతారు. ఆ నమ్మకంతోనే ఊళ్ళు కట్టుకుంటారు, చెరువులు తవ్వుకుంటారు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "శిక్షణ విభాగంలో ఒక కుర్చీ ఖాళీ ఉందమ్మా. మీ ఇంటికీ దగ్గర. ఈ లెక్కల గొడవ ఉండదు. నీ మంచి కోరే చెబుతున్నాను, ఆలోచించుకో." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, ఇంకా మెత్తగా అన్నాడు. "రేపటి సమావేశానికి నువ్వు రాకపోయినా పరవాలేదు. పొద్దున నడకలో మీవారు కలిశారు. మీ అత్తగారికి ఆపరేషనైందటగా, మీ ఆడపడుచుగారు కూడా వస్తున్నారటగా. పాపం ఎన్నని చూసుకుంటావు? ఆ ఒక్క అంకె మార్చి ఇంటి నుంచే పంపెయ్. మిగతాది మేం చూసుకుంటాం."

ఆడపడుచు వస్తున్న సంగతి ఆమె అప్పుడే విన్నది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దొరికిన సంబరం కూడా కలగలేదు. ఇద్దరు మగవాళ్ళు పార్కులో చేతులూపుకుంటూ నడుస్తూ ఆమె రేపటి రోజుని మడతపెట్టి ఆమె చేతిలో పెట్టారు. ఒకరు ఆమె ఇంట్లో ఉంటే చాలన్నారు, ఇంకొకరు ఆమె ఆఫీసుకి రాకపోతే చాలన్నారు. ఎంత చక్కగా కలిశాయి రెండు గీతలూ! కోపం రావాల్సిన చోట కోపం రాలేదు. ఒళ్ళంతా తడిగుడ్డలా బరువెక్కింది. ఇంకోసారి తిప్పేస్తే ఏమవుతుంది? ఆకాశం విరిగి మీద పడదు. రేపు ఇంట్లో వంట చేసుకుంటూ మధ్యలో రెండు నిమిషాలు కూర్చుని అంకె కొట్టి పంపేస్తే అందరూ మెచ్చుకుంటారు. తప్పు బయటపడేనాటికి తనూ ఉండదు, పెద్దాయనా ఉండడు. అలా అనుకున్న కాసేపు నిజంగానే హాయిగా అనిపించింది. ఆ హాయి చూసి తనకే భయమేసింది.

ఇంటికొచ్చేసరికి భర్త సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"అక్కావాళ్ళు రేపు పొద్దున్నే దిగుతున్నారు. అమ్మని చూడ్డానికి."

"ఆఫీసులో చెప్పారు."

అతనికి అందులో ముల్లు గుచ్చుకోలేదు. "ఆ, మీ పెద్దాయన మంచి మనిషి. నోట్లోంచి మాట రాకముందే సెలవిచ్చేశాడు. భోజనాలు నలుగురికీ ఇంట్లోనే. ఆ గోడ మిగతా సగం కూడా తుడిచెయ్. జిడ్డు గోడ చూస్తే అక్క ఊరంతా చాటుతుంది."

"రేపు నాకు సమావేశం ఉందండీ."

"నువ్వు రాకపోయినా జరుగుతుందన్నాడుగా?"

"జరుగుతుంది."

"మరింకేం?"

మరింకేం అన్నదానికి ఆమె దగ్గర చాలా జవాబులున్నాయి. కానీ ఒక్కోటీ విప్పి చెప్పాలి, చెప్పాక అతను "అంత పెద్ద మాటలెందుకు" అంటాడు, ఆ తరవాత కూర ఏమిటని అడుగుతాడు. అదంతా ముందే తెలిసిన సినిమాలా కళ్ళముందు తిరిగింది. చెప్పుల స్టాండులో చెప్పులు పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, కంటి చుక్కల సీసా తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది.

అత్తగారు మంచం మీద పేపరు పరుచుకుని, వేలితో ఒక్కో అక్షరాన్నీ తడుముతూ చదువుతోంది. ఆవిడ అక్షరాలు నేర్చుకున్నది మామగారు పోయాక. వీధి చివర సాయంకాలం బడికి, మనవల వయసు పంతులమ్మ దగ్గరికి వెళ్ళి నేర్చుకుంది. "మొగుడు పోయాక బడేమిటే, సిగ్గు లేకపోతే సరి" అన్నారు చుట్టాలు. "ఆయనుండగా తీరికేదీ?" అంది ఆవిడ. తీరా పేపరు ఇంపుగా చదవడం పట్టుబడ్డాక కళ్ళకి పొరలు కమ్మాయి. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పేపరు తలకిందులుగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుతూ కూర్చుంటే కోడలు చూసింది. ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"పడుకోండి అత్తయ్యా, చుక్కలు."

ఆవిడ వెల్లకిలా పడుకుంది. కోడలు వంగి, కింది రెప్ప వేలితో లాగి, సీసా పట్టుకుంది. మొహం మీదికి మొహం వచ్చింది. అత్తగారు కన్ను పెద్దది చేసుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"రెప్ప కొట్టకండి."

"ఏమిటే ఇలా అయిపోయావు?"

"ఎలా?"

"కళ్ళ కింద ఆ నలుపేమిటి? చెంపలు ఏవీ? ఈ గోడకి పట్టినట్టు పట్టేసిందేమిటే నీకు కూడా! నేను చూడ్డం మానేసిన తరవాతా ఇదంతా? ఇంతకుముందూ ఇంతేనా?"

చుక్క కంట్లో పడలేదు, బుగ్గ మీద పడింది. కోడలు కొంగుతో తుడిచి మళ్ళీ వేసింది. ఈసారి పడింది. కళ్ళు మూసుకుని పడుకొమ్మని, మంచం అంచున కూర్చుంది. ఎందుకు చెప్పిందో తెలియదు గానీ, కళ్ళు మూసుకున్న మనిషికి చెప్పడం తేలికనిపించి ఆఫీసు సంగతంతా చెప్పింది. గొడుగు సంగతి, మర సంగతి, సముద్రం ఎక్కువ మింగుతున్న సంగతి, దానికి మబ్బుల అంకె తగ్గించమన్న సంగతి.

"అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టుంది మీ ఆఫీసు యవ్వారం" అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "ఇదివరకు తిప్పావా?"

"తిప్పాను."

"ఎన్నిసార్లు?"

"అడిగినప్పుడల్లా."

కిటికీ బయట బస్సు ఆగి, కదిలి వెళ్ళింది. దాని పొగ కాస్త లోపలికి వచ్చింది.

"నీకో సంగతి చెప్పనా? నాకు చూపు తగ్గి చాలా కాలమైంది. మీకు తెలిసింది మొన్న. మీకు తెలియకూడదనే గోడ పట్టుకుని నడిచాను. గిన్నెల్ని చప్పుడుబట్టి గుర్తుపట్టాను. గొంతు విన్నదాకా ఎవర్నీ పలకరించేదాన్ని కాదు. నా కొడుకు చొక్కా వంకీకి వేలాడుతుంటే వాడే అనుకుని ఓసారి 'అన్నం తిన్నావురా' అని అడిగాను కూడా, నవ్వకు. ఎంత బాగా నెట్టుకొచ్చానంటే, మా అమ్మకి ఈ వయసులో కూడా కళ్ళు దీపాలండీ అని వీడు పదిమందికీ చెప్పుకునేవాడు. దాంతో ఏమైంది? నువ్వు పట్టుకునేదాకా ఎవరూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఎందుకు తీసుకెళ్తారు? బాగానే ఉందిగా అన్నీ!" ఆవిడ చెయ్యి చాచి తడిమి కోడలి మణికట్టు పట్టుకుంది. "బాగా నెట్టుకొచ్చిన రోగానికి ఎవరూ మందెయ్యరే."

"మీరేగా అత్తయ్యా, పెళ్ళైన రోజునుంచీ సర్దుకుపో సర్దుకుపో అన్నది."

"అన్నాను. నాకు వచ్చిన చదువు అప్పటికి అదొక్కటే" అంది అత్తగారు. అని, మూసిన కళ్ళమీద చెయ్యి అడ్డం వేసుకుంది. "పొయ్యి మీద ఏదో మాడుతోంది చూడు."

ఏమీ మాడడం లేదు. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. అయినా కోడలు లేచి వెళ్ళింది.

వంటింట్లో దీపం వేసి గోడకేసి చూసింది. సగం పసుపు, సగం నలుపు. నడుమ గీసినట్టు గీత. పొద్దుట తుడవకముందు ఈ గోడ ఆమె కంటికి ఎప్పుడూ నల్లగా అనిపించలేదు. గోడ గోడలాగే ఉండేది. మొత్తం తుడిచేసి ఉంటే, అది కూడా ఆమెకు ఏమీ అనిపించేది కాదు. మసి ఎంతుందో తెలియాలంటే తుడవని చోటొకటి పక్కనే ఉండాలి. ఆమె మోడల్‌లో చేసే పనీ అదే గదా! పొగ ఉన్న భూమిని ఒకసారి, పొగ తీసేసిన భూమిని ఒకసారి నడిపించి, రెండిటికీ నడుమ తేడా చూస్తుంది. ఎన్నేళ్ళుగానో చేస్తున్న పని. తనని తీసేసి ఈ ఇంటిని ఒక్కరోజైనా నడిపించి చూడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. పీటమీద పొద్దుట వదిలిన గుడ్డ ఎండి కర్రలా బిగుసుకుని ఉంది. దాన్ని తీసి తీగ మీద ఆరేసింది. పీటని దాని మూలకి జరిపింది.

పొద్దున్నే లేచి తనకి మాత్రం కాఫీ కలుపుకుని నిలబడి తాగింది. తయారై, సంచీ భుజాన వేసుకునేసరికి భర్త ఆవలిస్తూ హాల్లోకి వచ్చాడు.

"ఇదేమిటి, ఎక్కడికి?"

"ఆఫీసుకి."

"సెలవుగా?"

"నేను పెట్టలేదండీ. మీరిద్దరూ పెట్టుకున్నారు." ఆ మాట గట్టిగా అనలేదు. గట్టిగా అనే ఓపిక లేదు. "బియ్యం డబ్బా కింద అరలో ఉంది. అత్తయ్య చుక్కలు కిటికీలో ఉన్నాయి. ఏ వేళకి వెయ్యాలో ఆవిడకి తెలుసు. ఎలా వెయ్యాలో మీరు నేర్చుకోండి. రెప్ప కిందికి లాగి వెయ్యాలి."

"అక్కకి ఏం చెప్పను? ఆ గోడ చూడు, సగంలో వదిలేసి... తుడిస్తే పూర్తిగా తుడవాలి, లేకపోతే ముట్టుకోకూడదు. ఇప్పుడు ఇంకా అసహ్యంగా ఉంది."

"అవును" అంది ఆమె. "ఇప్పుడే కనపడుతోంది."

గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఒరే, నాకు కాఫీ నువ్వే కలుపు. చక్కెర ఎంతెయ్యాలో అడుగు, ఊహించి పొయ్యకు."

సమావేశం హాల్లో ఆమెని చూసి పెద్దాయన ఒక్క క్షణం తడబడి, వెంటనే చిరునవ్వు తెచ్చుకున్నాడు. "అయ్యో, వచ్చావా అమ్మా! ఇంట్లో ఎలా?" అని అడిగి, జవాబు వినకుండానే పక్కకి తిరిగాడు. పెద్దవాళ్ళంతా బల్లచుట్టూ సర్దుకున్నారు. సముద్రం ఆమెకి ఎదురుగా, కలం మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. దీపాలు ఆర్పారు. తెర మీద రెండు గీతలు పడ్డాయి. ఒకటి నూరేళ్ళుగా కొలిచిన నిజం వేడి. రెండోది మోడల్ చెప్పింది. మొదట్లో రెండూ అక్కచెల్లెళ్ళలా పక్కపక్కనే నడిచాయి. పొగ పెరిగిన ఏళ్ళు వచ్చేసరికి విడిపోయాయి. నిజం పైకి, మోడల్ కిందికి. నడుమ చీకటి గదిలో కూడా తెల్లగా కనపడేంత ఎడం.

ఎన్నో ఏళ్ళ అలవాటు, అన్ని తలలూ ఆమెవైపే తిరిగాయి.

ఆమె గోళ్ళలో నిన్నటి మసి ఇంకా ఉంది. చేతులు బల్ల మీద పెట్టుకునే చెప్పింది. విమానం కొలతలు చెప్పింది, సన్నపడిన గీత సంగతి చెప్పింది, ఆ అంకెని తను మార్చలేదని, ఇక మార్చడానికి వీల్లేదని చెప్పింది. పెద్ద మాటలేవీ వాడలేదు. చెప్పడం ముగించి సముద్రం వైపు చూసింది. మిగతా తలలు కాస్త ఆలస్యంగా, ఒక్కొక్కటే అటు తిరిగాయి. సముద్రం కలం బల్ల మీద పెట్టేశాడు. "మావైపు చూడాలి సార్" అన్నాడు గొంతు సవరించుకుని. "చూడాలనే నాకూ ఉంది."

పెద్దాయన మెత్తటి గొంతులో మొదటిసారి గరుకు తగిలింది. "అయిపోయాక ఒకసారి నా గదికి రామ్మా" అన్నాడు. శిక్షణ విభాగం కుర్చీ ఆమెకు కళ్ళముందు కనపడింది. కిటికీ లేని గది అది. కూర్చోవచ్చు, తప్పదంటే. "సరే. ఇంతకీ ఇప్పుడు ఈ ఎడాన్ని ఏం చేద్దాం? ఇంతమంది ముందు ఇలాగేనా పెట్టడం?"

ఒళ్ళో ఫోను వణికింది. భర్త పంపాడు. చుక్కలు బుగ్గల మీద పడుతున్నాయని పొద్దుటే ఒకటి వచ్చింది. ఇది రెండోది. "అక్కావాళ్ళు వచ్చారు. ఆ గోడేమిటి అలా ఉందని అడుగుతోంది. నన్ను తుడిచెయ్యమంటావా?"

ఈ ఇంట్లో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. ఇంకోరోజైతే సంతోషించేది.

"ఉండనివ్వండి సార్" అంది పెద్దాయనతో. "అందరికీ కనపడనివ్వండి."

బల్ల కింద బొటనవేలితో ఫోనులోనూ అదే మాట కొట్టి పంపించి, ఎన్నాళ్ళుగానో లాగుతున్న భుజాన్ని కుర్చీకి ఆనించి కూర్చుంది.